దారి మళ్లినప్పుడు జారిపోయే పాస్‌వర్డ్: వెబ్ క్లయింట్ లోపాలతో గోదావరి డెల్టాకు పనేంటి?

క్లుప్తంగా

వెబ్ సర్వర్లతో మాట్లాడే ‘క్లయింట్’ సాఫ్ట్‌వేర్‌లో లాగిన్ వివరాలు బయటపెట్టే లోపాలు కొన్నేళ్లుగా ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. వీటిలో చాలావాటికి హ్యాకర్ ఎన్‌క్రిప్షన్‌ను బద్దలుకొట్టాల్సిన పని లేదు. ఒక సర్వర్ కోసం ఇచ్చిన పాస్‌వర్డ్‌ను క్లయింటే తీసుకెళ్లి ఇంకో సర్వర్‌కు అప్పగిస్తుంది. ఫోన్‌లో బ్రౌజర్ వాడుకునే మామూలు మనిషికి వీటితో వచ్చే ముప్పు స్వల్పం. సొంతంగా ప్రోగ్రాములు రాయించుకున్న చిన్న వ్యాపారాలకు, బల్క్ ఎస్ఎంఎస్‌లు పంపే సంస్థలకు, ఏళ్ల తరబడి అప్‌డేట్ ఎరగని పరికరాలకు మాత్రం ఎక్కువ.

కనిపించని క్లయింట్లు

వెబ్ క్లయింట్ అనగానే క్రోమో ఫైర్‌ఫాక్సో గుర్తొస్తుంది. అవి కంటికి కనిపించేవి. కనిపించకుండా పనిచేసేవి అంతకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. కడియం నర్సరీ ఒకటి దేశమంతా మొక్కలు పంపుతోందనుకుందాం. రోజూ రాత్రి కొరియర్ సంస్థ సర్వర్‌లోకి లాగినై, ఏ పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో తెచ్చి షీట్‌లో నింపే చిన్న ప్రోగ్రామ్ ఆఫీసు కంప్యూటర్‌లో నడుస్తుంటుంది. దాన్ని రాసింది కాకినాడలోనో భీమవరంలోనో ఇంజినీరింగ్ చదివిన బంధువుల అబ్బాయి. అతను ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయినా ప్రోగ్రామ్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పనిచేస్తోంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు.

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్టు మీద నీటిలో ఆక్సిజన్ కొలిచి సర్వర్‌కు పంపే పరికరంలోనూ ఒక వెబ్ క్లయింట్ ఉంటుంది. పిల్లాడు క్లాసుకు రాలేదని కోచింగ్ సెంటర్ నుంచి ఇంటికి వచ్చే మెసేజ్ వెనుక ఒకటుంటుంది. రైస్ మిల్లు లెక్కలను పోర్టల్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో మరొకటి. వీటిలో దేన్నీ మొదటి అక్షరం నుంచి ఎవరూ రాయరు. సర్వర్‌తో మాట్లాడే భాగానికి ఇతరులు రాసి సిద్ధంగా ఉంచిన ఉచిత ప్రోగ్రామ్ భాగాన్నే, అంటే లైబ్రరీనే వాడుకుంటారు.

అలాంటి లైబ్రరీల్లో అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది కర్ల్. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఈ పేరుతో దాన్ని విడుదల చేశారు. ఫోన్లు, టీవీలు, కార్లు, రౌటర్లు అన్నీ కలిపి 2,000 కోట్లకు పైగా ఇన్‌స్టలేషన్లలో ఇది ఉందని ఆ ప్రాజెక్టు అంచనా. పైథాన్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్లకు ‘రిక్వెస్ట్స్’ అనే లైబ్రరీ అంతే అలవాటు. లినక్స్ సర్వర్లలో ఫైళ్లు దించుకోవడానికి ‘వీగెట్’ వాడతారు. లాగిన్ వివరాలు బయటపెట్టే లోపాలు ఈ మూడింటిలోనూ దొరికాయి. పైగా ఆ లోపాలన్నీ దగ్గరి చుట్టాల్లా ఒకే పోలికతో ఉన్నాయి.

‘ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు’

క్లయింట్ ఏదైనా పేజీ అడిగినప్పుడు అది వేరే చోటికి మారి ఉంటే, సర్వర్ 301, 302 లాంటి కోడ్‌తో పాటు కొత్త అడ్రస్ పంపుతుంది. దీన్నే రీడైరెక్ట్ అంటారు. బ్రౌజర్‌లో ఇది రోజూ ఎన్నోసార్లు జరుగుతుంటుంది, ఎవరూ గమనించరు. ఇక లాగిన్ అవసరమైన చోట క్లయింట్ తన అభ్యర్థనతో పాటు ‘ఆథరైజేషన్’ అనే హెడర్‌ను (అభ్యర్థన ముందు ఉండే సమాచార వరుసను) జోడిస్తుంది. ‘బేసిక్’ పద్ధతిలో అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌ల మధ్య కోలన్ పెట్టి, మొత్తాన్ని బేస్64లోకి మార్చి పంపుతుంది. చూడటానికి అర్థంపర్థం లేని అక్షరాల గొలుసులా ఉంటుంది గానీ అది రహస్య లిపి ఏమీ కాదు. ఎవరి చేతికి వస్తే వాళ్లు క్షణంలో అసలు పాస్‌వర్డ్ చదివేసుకోవచ్చు.

ఈ రెండూ కలిసిన చోటే ఇబ్బంది మొదలవుతుంది. మొదటి సర్వర్ కోసం హెడర్ సిద్ధమైంది. ఆ సర్వరేమో ఇంకో అడ్రస్‌కు వెళ్లమంది. వెళ్లేటప్పుడు హెడర్‌ను వెంట తీసుకెళ్లాలా, పక్కన పడేసి వెళ్లాలా? రొయ్యల వ్యాపారి ఒకాయన గుమస్తాకు లాకర్ తాళంచెవి ఇచ్చి బ్యాంకుకు పంపాడనుకుందాం. ‘ఆఫీసు పక్క వీధిలోకి మారింది’ అని గేటు దగ్గర ఎవరో అన్నారు. గుమస్తా నేరుగా అక్కడికెళ్లి, కౌంటర్‌లో కూర్చున్న మనిషి చేతిలో తాళంచెవి పెట్టేశాడు. అతను దొంగతనం చేయలేదు, తాళాన్ని ఎవరూ పగలగొట్టలేదు. చెప్పిన మాట విన్నాడంతే. లోపమున్న క్లయింట్లు చేసే పని అచ్చం ఇదే.

హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, దారిలో ఎవరూ చూడలేరు కదా అనే సందేహం రావచ్చు. దారిలో చూడలేరన్నది నిజమే. అయితే హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిని. చివర్లో దాన్ని విప్పి చదువుకునే సర్వర్ ఎవరిదన్నది వేరే ప్రశ్న. దొంగ సర్వర్‌కు కూడా సొంత డొమైన్ ఉంటుంది, దానికి సక్రమమైన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది. పాస్‌వర్డ్ భద్రంగా, ఎన్‌క్రిప్ట్ అయ్యి మరీ అతని చేతికి చేరుతుంది.

అసలు క్లయింట్‌ను తప్పుదారి పట్టించేది ఎవరు? నమ్మకమైన సైట్లలోనే ఒక్కోసారి ‘ఓపెన్ రీడైరెక్ట్’ అనే బలహీనత ఉంటుంది. లింక్ చివర ఏ అడ్రస్ తగిలిస్తే ఆ అడ్రస్‌కు ఆ సైట్ మారుమాట లేకుండా పంపేస్తుంది. మొదటి సర్వర్ హ్యాక్ అయి ఉండొచ్చు. కనెక్షన్ పాత హెచ్‌టీటీపీ అయితే మధ్యలో కూర్చున్నవాడు తనే రీడైరెక్ట్‌ను సృష్టించి పంపొచ్చు. ఏ దురుద్దేశమూ లేకుండా, బయటి సంస్థ స్టోరేజ్ సర్వర్‌కు ఫైళ్లు మార్చిన కంపెనీ కూడా మళ్లించవచ్చు. ఇందులో దొంగ లేకపోయినా, తనది కాని పాస్‌వర్డ్ ఆ బయటి సంస్థ దగ్గరికి చేరిపోతుంది.

పాతికేళ్ల పాటు ఎవరికీ కనపడలేదు

వీటిలో ఎక్కువ చర్చకు వచ్చినది సీవీఈ-2024-11053. సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు నంబర్. కర్ల్‌లోని ఈ లోపాన్ని 2024 డిసెంబర్‌లో 8.11.1 వెర్షన్‌తో సరిచేశారు. ఇది 2000 మార్చి నాటి 6.5 వెర్షన్ నుంచి ఉంది. అంటే దాదాపు పాతికేళ్లు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే నెట్‌ఆర్‌సీ ఫైల్ గురించి తెలియాలి. యూనిక్స్ కాలం నాటి అలవాటు ఇది. ప్రతిసారీ పాస్‌వర్డ్ టైప్ చేయకుండా ఏ మెషిన్‌కు ఏ లాగిన్, ఏ పాస్‌వర్డ్ అన్నది ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో రాసి పెడతారు. అందులో పేరు లేని సర్వర్లన్నిటికీ వర్తించేలా ‘డిఫాల్ట్’ అనే వరుస కూడా పెట్టుకోవచ్చు. పైన చెప్పిన నర్సరీ కంప్యూటర్‌లోనే ఈ ఫైల్ ఉందనుకుందాం. మొదటి వరుసలో కొరియర్ సర్వర్, దాని లాగిన్, దాని పాస్‌వర్డ్ ఉన్నాయి. కింద డిఫాల్ట్ వరుసలో లాగిన్ పేరు ఉంది గానీ పాస్‌వర్డ్ రాయలేదు. రీడైరెక్ట్‌లను అనుసరించమని, నెట్‌ఆర్‌సీని చూడమని కర్ల్‌కు చెప్పారు.

కర్ల్ మొదట కొరియర్ సర్వర్‌కు వెళ్లి దాని పాస్‌వర్డ్‌ను వాడింది. ఆ సర్వర్ వేరే హోస్ట్‌కు, అంటే వేరే పేరున్న సర్వర్‌కు మళ్లించింది. కొత్త హోస్ట్ కోసం కర్ల్ మళ్లీ ఫైల్ చూసింది, డిఫాల్ట్ వరుస దొరికింది. అందులో లాగిన్ ఉంది, పాస్‌వర్డ్ లేదు. ఆ ఖాళీలో అంతకుముందు వాడిన కొరియర్ పాస్‌వర్డే మిగిలిపోయింది. దాంతో డిఫాల్ట్ లాగిన్ పేరుకు కొరియర్ పాస్‌వర్డ్ జతై కొత్త హోస్ట్‌కు వెళ్లిపోయింది. ఎదుటివాడికి యూజర్‌నేమ్ తప్పుగానే అందింది. పాస్‌వర్డ్ మాత్రం అసలుదే.

పాతికేళ్లు ఎవరూ చూడలేదా అని అడగడం తేలికే. ఈ లోపం బయటపడాలంటే నెట్‌ఆర్‌సీ వాడాలి, రీడైరెక్ట్ జరగాలి, మళ్లిన హోస్ట్‌కు సరిపోయే వరుస ఫైల్లో ఉండాలి, ఆ వరుసలో పాస్‌వర్డ్ లోపించాలి. నాలుగూ ఒకేసారి కలవడం అరుదు. కలిసినా తెరమీద ఏ ఎర్రర్ రాదు. ప్రోగ్రామ్ చక్కగా పని ముగించుకుంటుంది. పని ఆగిపోతేనే ఎవరైనా లోపల ఏముందో చూస్తారు. ఇక్కడ ఆగిందేమీ లేదు.

ఈ సవరణ తర్వాత దీనికి తోబుట్టువు లాంటి మరో లోపం, సీవీఈ-2025-0167, డిఫాల్ట్ వరుస దగ్గరే దొరికింది. దాన్ని 2025 ఫిబ్రవరిలో 8.12.0 వెర్షన్‌తో సరిచేశారు.

ఒకే తప్పు, రకరకాల వేషాలు

మిగతా లోపాలను వరుసలో పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. 2018 జనవరిలో కర్ల్ 7.58.0 సరిచేసిన లోపంలో, ప్రోగ్రామర్ చేత్తో రాసిన ఆథరైజేషన్ హెడర్ రీడైరెక్ట్ తర్వాత కొత్త హోస్ట్‌కూ వెళ్లేది. కర్ల్ తానే తయారుచేసిన హెడర్‌ను ఆపేది గానీ, ప్రోగ్రామర్ విడిగా ఇచ్చినదాన్ని తనది కాదన్నట్టు వదిలేసేది. అదే ఏడాది అక్టోబర్‌లో పైథాన్ రిక్వెస్ట్స్ 2.20.0 ఇంకో కోణాన్ని మూసింది. అక్కడ హోస్ట్ పేరు మారదు. హెచ్‌టీటీపీఎస్ నుంచి హెచ్‌టీటీపీకి మళ్లిస్తే ఆ పాస్‌వర్డ్ ఏ రక్షణా లేని దారిలో వెళ్లేది. వీగెట్ సంగతి మరీ మొరటు. 1.21.1 దాకా వచ్చిన వెర్షన్లు పూర్తిగా వేరే సైట్‌కు మళ్లినా హెడర్‌ను తీసేవి కావు. దానికి 2021లో సీవీఈ నంబర్ పడింది.

2022 ఏప్రిల్‌లో కర్ల్ 7.83.0 వచ్చింది. హోస్ట్ ఒకటే అయినా పోర్ట్ (ఒకే మెషిన్‌లోని వేర్వేరు సర్వీసులకు ఉండే ద్వారం నంబర్) మారితే, లేదా ప్రోటోకాల్ (హెచ్‌టీటీపీ లాంటి మాట్లాడుకునే పద్ధతి) మారితే లాగిన్ వివరాలు వెళ్లిపోయే లోపాన్ని ఇందులో సరిచేశారు. ఇది 1998 నాటి వెర్షన్ నుంచీ ఉన్నదే. ఒకే మెషిన్‌లో ఒక పోర్ట్ మీద బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్, ఇంకో పోర్ట్ మీద ఎవరో పెట్టిన టెస్ట్ సర్వర్ నడుస్తున్న చోట ఇది అసలైన ముప్పే.

అంటే ఇన్నేళ్లుగా తేలని ప్రశ్న ఒక్కటే: రెండు అడ్రస్‌లు ‘ఒకరివే’ అని క్లయింట్ ఎప్పుడు నమ్మాలి? హోస్ట్ పేరు కలిస్తే చాలా? పోర్ట్ కూడా కలవాలా? ప్రోటోకాల్ సంగతేంటి? బ్రౌజర్ల ప్రపంచంలో ఈ మూడూ కలిస్తేనే ఒకే ‘ఆరిజిన్’ అని 2011లోనే ప్రమాణ పత్రం రాసుకున్నారు. కమాండ్ లైన్ పనిముట్లు అంతకంటే పాతవి. అవి పుట్టినప్పుడు ఒక హోస్ట్ అంటే ఒక యజమాని అన్న లెక్క ఉండేది. క్లౌడ్ వచ్చాక ఆ లెక్క తారుమారైంది. హెచ్‌టీటీపీ తాజా ప్రమాణం, 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 కూడా ప్రోగ్రామర్ సొంతంగా జోడించిన ఆథరైజేషన్, కుకీ లాంటి హెడర్లను రీడైరెక్ట్‌లో తీసేయడం ‘పరిశీలించండి’ అంటుందే తప్ప తీసేయాల్సిందేనని శాసించదు. శాసనం లేని చోట ఒక్కో లైబ్రరీ ఒక్కో దారి పట్టింది. వేరే ఆరిజిన్‌కు మళ్లినప్పుడు పేజీలోని ప్రోగ్రామ్ పెట్టిన ఆథరైజేషన్ హెడర్‌ను తీసేయడం క్రోమ్‌లో కూడా 119వ వెర్షన్‌తో, అంటే 2023 చివర్లో గానీ మొదలవలేదు.

రిక్వెస్ట్స్‌లో 2025 జూన్‌లో 2.32.4 వెర్షన్‌తో సరిచేసిన సీవీఈ-2024-47081 వీటిలో కాస్త విచిత్రమైనది. దీనికి రీడైరెక్ట్ కూడా అక్కర్లేదు, అడ్రస్‌ను చదవడంలోనే పొరపాటు ఉంది. నెట్‌ఆర్‌సీలో ఏ వరుస వాడాలో తేల్చడానికి ఈ లైబ్రరీ అడ్రస్‌ను కోలన్ దగ్గర కోసి, ముందున్న ముక్కే హోస్ట్ పేరు అనుకునేది. నమ్మకమైన సైట్ పేరు, దాని పక్కన కోలన్, ఆ పక్కన ఈమెయిల్‌లో వాడే అట్ గుర్తు, చివర దొంగ సైట్ పేరు పెట్టి అడ్రస్ తయారుచేస్తే, నెట్‌ఆర్‌సీలో చూసేది మంచి సైట్ పాస్‌వర్డ్, కనెక్షన్ వెళ్లేది దొంగ సైట్‌కు. కర్ల్‌లో నెట్‌ఆర్‌సీని వాడమని విడిగా చెప్పాలి. రిక్వెస్ట్స్ అయితే ఎవరూ అడగకపోయినా ఆ ఫైల్‌ను తనంతట తానే చదువుతుంది. చాలామంది ప్రోగ్రామర్లకు ఈ సంగతే తెలియదు.

9.1 మార్కులా, ‘తక్కువ’ స్థాయా?

పాఠకులను బాగా తికమక పెట్టింది ఈ అంకె. కర్ల్ బృందం సీవీఈ-2024-11053ను ‘తక్కువ’ తీవ్రత గల లోపమని ప్రకటించింది. అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ఏ దానికి లోపాల తీవ్రతను అంకెల్లో చెప్పే సీవీఎస్ఎస్ కొలమానంలో 10కి 9.1 వేసింది. 9 దాటితే ‘క్రిటికల్’ అని అర్థం. ఆ అంకె చూసి కంపెనీల భద్రతా టూల్స్ ఎర్ర అక్షరాలతో హెచ్చరించాయి, ఐటీ విభాగాల్లో టెన్షన్ మొదలైంది. కర్ల్ బృందం అభ్యంతరం చెప్పాక ఆ మార్కులను బాగా తగ్గించారు.

ఇంత తేడా ఎలా వచ్చింది? సీవీఎస్ఎస్‌లో అందరూ వాడే ప్రాథమిక స్కోరు కొన్ని ప్రశ్నలకు జవాబులతో తయారవుతుంది. నెట్‌వర్క్ మీదుగా దాడి చేయవచ్చా? యూజర్ ఏమైనా క్లిక్ చేయాలా? రహస్య సమాచారం పోతుందా? పాస్‌వర్డ్ పోతుంది అనగానే మార్కులు ఎగబాకుతాయి. ఆ లోపం బయటపడే పరిస్థితి ప్రపంచంలో ఎంతమంది దగ్గర ఉంటుందన్నది ఆ స్కోరు పట్టించుకోదు. లైబ్రరీ విషయంలో ఈ లెక్క మరీ గాడి తప్పుతుంది. ఎందుకంటే అదే కర్ల్ ఒకచోట వాతావరణం వివరాలు తెచ్చుకోవడానికి, ఇంకోచోట చెల్లింపులకు వాడతారు. కర్ల్ బృందం తన లోపాలకు సీవీఎస్ఎస్ అంకె ఇవ్వకుండా నాలుగు స్థాయిలతోనే సరిపెట్టడానికి కారణం ఇదే.

ఈ గొడవలో కర్ల్ బృందం వైపే న్యాయం ఎక్కువ. అంతమాత్రాన ‘తక్కువ’ అన్న మాటను ‘వదిలేయొచ్చు’ అని చదువుకోకూడదు. నెట్‌ఆర్‌సీ వాడే కంప్యూటర్‌కు అది తక్కువేమీ కాదు, వాడని కంప్యూటర్‌కు అసలు లేనే లేదు.

ప్యాచ్ ఆపలేని దారి

ఇప్పటిదాకా చెప్పిన లోపాల్లో చాలావాటికి సవరణలు (ప్యాచ్‌లు) వచ్చేశాయి. అయితే తాజా వెర్షన్ వేసుకున్నా మూసుకోని దారి ఒకటుంది, స్థానికంగా చూస్తే ముఖ్యమైనది అదే. లైబ్రరీలు రీడైరెక్ట్‌లో ఆపేది తమకు పేరు తెలిసిన హెడర్లనే. ఆథరైజేషన్, కుకీ లాంటివి వాటికి తెలుసు. ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో సంస్థ సర్వర్‌తో మాట్లాడే మార్గం) ఇచ్చే సంస్థలు చాలావరకు ‘ఎక్స్-ఏపీఐ-కీ’ లాంటి సొంత పేర్లతో హెడర్లు పెట్టమంటాయి. ఆ పేరు వెనుక రహస్యం ఉందని లైబ్రరీకి తెలిసే అవకాశం లేదు. కాబట్టి ప్రోగ్రామర్ ఇచ్చిన మామూలు హెడర్‌గానే భావించి కొత్త హోస్ట్‌కు పంపేస్తుంది. కర్ల్ ఈ మాటను తన డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరికగా రాసి పెట్టింది. దీన్ని లోపం అనరు, కాబట్టి సీవీఈ నంబరూ ఉండదు.

బల్క్ ఎస్ఎంఎస్ సంగతి ఇంకా పచ్చిగా ఉంటుంది. అమలాపురంలో ఒక స్కూలు, భీమవరంలో ఒక మేత డీలరు, రాజమహేంద్రవరంలో ఒక చీరల షాపు మెసేజ్‌లు పంపాలంటే గేట్‌వేకు, అంటే ఎస్ఎంఎస్‌లు పంపిపెట్టే సంస్థ సర్వర్‌కు ఒక లింక్ పంపితే చాలు. చాలా గేట్‌వేల పాత పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, ఫోన్ నంబర్, సందేశం అన్నీ ఆ లింక్‌లోనే ఉంటాయి. హెడర్ పోతుందా ఉంటుందా అన్న ప్రశ్నే ఇక్కడ రాదు, అడ్రసే పాస్‌వర్డ్. ఆ లింక్ సర్వర్ లాగ్‌లో (వచ్చిన అభ్యర్థనలన్నీ రాసుకునే ఫైల్లో) పడుతుంది, మధ్యవర్తి సర్వర్ అయిన ప్రాక్సీ లాగ్‌లో పడుతుంది, బ్రౌజర్‌లో టెస్ట్ చేస్తే హిస్టరీలో మిగులుతుంది, ‘ఎందుకు పనిచేయట్లేదు’ అని వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెడితే అందులోనూ కనిపిస్తుంది. లాగ్‌లను 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దాడుల దర్యాప్తుకు అవసరమైన నియమమే అది. కాకపోతే లింక్‌లో పాస్‌వర్డ్ పెట్టే చోట ఆ పాస్‌వర్డ్ కూడా అన్ని రోజులూ లాగ్‌లో కూర్చుంటుంది.

చెరువు గట్టు దాకా చేరని అప్‌డేట్

స్టాక్‌హోమ్‌లో కర్ల్ సవరణ విడుదలైన రోజుకూ, అది ఆకివీడు చెరువు గట్టు మీది పరికరానికి చేరే రోజుకూ మధ్య చాలా చేతులున్నాయి. కర్ల్ నుంచి చిప్ కంపెనీ ఇచ్చే కిట్‌లోకి, అక్కడి నుంచి బోర్డు తయారీదారుకు, అక్కడి నుంచి తన పేరు అతికించి అమ్మే కంపెనీకి, చివరికి డీలరుకు. ఈ గొలుసులో ఒక్కరు పట్టించుకోకపోయినా సవరణ అక్కడే ఆగిపోతుంది. ఏరియేటర్ తిరుగుతోందా లేదా అన్నదే రైతు చూసుకునేది. అందులో ఏ లైబ్రరీ ఎన్నో వెర్షన్ ఉందో చెప్పే తెర ఆ పరికరానికి ఉండదు. అమ్మిన కంపెనీ మూతపడితే పరిస్థితి మరీ అధ్వానం. దాని డొమైన్ గడువు ముగిశాక ఎవరైనా కొనుక్కోవచ్చు. పరికరం మాత్రం పాత అడ్రస్‌కే లాగిన్ పంపుతూ ఉంటుంది. అవతల ఎవరున్నారో సరిగ్గా తనిఖీ చేసే పరికరమైనా, కొత్త యజమాని కొత్త సర్టిఫికెట్ చూపిస్తే నమ్మేస్తుంది.

సర్వర్ల దగ్గర తికమక వేరే రకం. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు భద్రతా సవరణను పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతాయి, పెద్ద వెర్షన్ నంబర్‌ను మార్చవు. అందుకని ‘కర్ల్ 7.81’ అని కనిపించగానే లోపం ఉన్నట్టు కాదు. దాని పక్కనుండే ప్యాకేజీ నంబర్‌ను ఆ పంపిణీ సంస్థ ఇచ్చే భద్రతా ప్రకటనతో పోల్చుకోవాలి. పైథాన్ లైబ్రరీ విషయంలో ఈ వెసులుబాటు తక్కువ. ప్రాజెక్టు ఫోల్డర్‌లో విడిగా పెట్టుకున్న రిక్వెస్ట్స్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ ముట్టుకోదు. నర్సరీ ప్రోగ్రామ్ రాసిన రోజు ఏ వెర్షన్ ఉందో ఈ రోజుకూ అదే ఉంటుంది.

నెట్ సెంటర్‌లో జరిగేది వేరు

ఈ వార్తలు చదివిన చాలామంది అడిగేది నెట్ సెంటర్ గురించే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఒకే కంప్యూటర్‌లో పదుల మంది పిల్లలు లాగినవుతారు. బ్రౌజర్ ‘పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా’ అని అడుగుతుంది, తొందరలో ఎవరో అవునని నొక్కుతారు. దీనికీ పైన చెప్పిన లోపాలకూ సంబంధం లేదు. అక్కడ పాస్‌వర్డ్ తప్పు సర్వర్‌కు వెళ్లట్లేదు, తప్పు కంప్యూటర్‌లో మిగిలిపోతోంది.

విండోస్‌లో క్రోమ్ దాచే పాస్‌వర్డ్‌లకు ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. అయితే చాలాకాలం పాటు అదే విండోస్ ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామైనా దాన్ని విప్పగలిగేది. పైరేటెడ్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పాస్‌వర్డ్ దొంగ వైరస్‌లు బతికేది దీని మీదే. 2024 జులైలో క్రోమ్ 127తో ‘యాప్‌కు కట్టిన’ ఎన్‌క్రిప్షన్ తెచ్చి, ముందు కుకీల నుంచి మొదలుపెట్టి ఈ దారిని ఇరుకు చేశారు. పూర్తిగా మూసుకుపోలేదు. ఇతరుల కంప్యూటర్‌లో గెస్ట్ విండో వాడటం, ఇంటికొచ్చి సొంత ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చుకోవడం ఇప్పటికీ పనికొచ్చే జాగ్రత్తలే.

ఏం చేయాలి, ఎవరు చేయాలి

సొంత ప్రోగ్రాములున్న సంస్థ మొదట చూసుకోవాల్సింది లాగిన్ పంపే ప్రతి కనెక్షన్‌కూ రీడైరెక్ట్ అసలు అవసరమా అని. చాలా ఏపీఐలకు అక్కర్లేదు. రిక్వెస్ట్స్ అడగకుండానే రీడైరెక్ట్‌లను అనుసరిస్తుంది కాబట్టి దాన్ని ఆపేయాలి. కర్ల్ కమాండ్ చెబితే తప్ప అనుసరించదు, కాబట్టి చెప్పకుండా ఉంటే చాలు. అందులో ‘లొకేషన్-ట్రస్టెడ్’ అనే ఆప్షన్ ఎక్కడైనా కనిపిస్తే కారణం అడిగి తీరాలి. ఏ హోస్ట్‌కు మళ్లినా పాస్‌వర్డ్ ఇచ్చేయమని దాని అర్థం. నెట్‌ఆర్‌సీ ఫైల్లో డిఫాల్ట్ వరుస ఉంటే తీసేయడం మంచిది. రిక్వెస్ట్స్‌లో ‘ట్రస్ట్ ఎన్వ్’ సెట్టింగ్‌ను ఆపితే ఆ ఫైల్ జోలికి పోదు. అదే సెట్టింగ్ మీద ప్రాక్సీ వివరాలు కూడా ఆధారపడతాయి కాబట్టి ప్రాక్సీ వాడే ఆఫీసుల్లో ముందు పరీక్షించుకోవాలి.

అసలు పాస్‌వర్డ్ బదులు పరిమిత అధికారాలున్న టోకెన్ వాడితే జారినా నష్టం తక్కువ. పార్సిల్ వివరాలు చదవడానికి మాత్రమే పనికొచ్చే టోకెన్‌తో దొంగ కొత్త బుకింగ్‌లు చేయలేడు. గేట్‌వే సంస్థ ఫలానా ఐపీ అడ్రస్ నుంచి వస్తేనే అంగీకరించే వీలు ఇస్తుంటే దాన్ని వాడుకోవాలి. ఆఫీసులో స్థిరమైన ఐపీ లేనివాళ్లకు మాత్రం అది కుదరదు, డెల్టాలో చిన్న వ్యాపారాల్లో ఎక్కువమంది పరిస్థితి అదే.

ప్యాచ్ వేయడంతో పని అయిపోయిందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. ప్యాచ్ ఇకముందు జారకుండా ఆపుతుంది, ఇప్పటికే జారినదాన్ని వెనక్కి తేలేదు. లోపమున్న కాలంలో వాడిన పాస్‌వర్డ్‌లు, కీలు మార్చాలి. దుర్వినియోగం జరిగిందని తేలితే సంస్థలు ఆ విషయం తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఆదేశం. బ్యాంకు ఖాతాలో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 జవాబు ఇస్తోంది. దాని నిబంధనలను 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. ఎంత విధించాలో తప్పు తీవ్రతను బట్టి తేలుస్తారు, చిన్న నర్సరీకి అంత పడుతుందని కాదు. గమనించాల్సింది వేరే ఉంది. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థదే బాధ్యత, దాని తరఫున వేరొకరు చేసిన పనికి కూడా. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు కొరియర్ లాగిన్ వెనుక ఉన్నాయి. ప్రోగ్రామ్ రాసింది బంధువుల అబ్బాయే అయినా జవాబు చెప్పాల్సింది నర్సరీ యజమాని.